అన్న పళ్ళు, తమ్ముడి పళ్ళు

లేకపోతే తప్పు కర్రదే అయ్యుండాలి. కొన్ని కర్రలకు పుట్టుకతోనే పంతం. ఎంత తిన్నగా కొయ్యబోయినా తమకు తోచిన దారినే పోతాయి. ఇదీ ఆ బాపతే, బెరడు చూస్తేనే తెలియడం లేదూ, ఎవరి మాటా చెవిన పెట్టని ముసలాయన నుదురులా ఎన్ని ముడతలో. పోనీ కర్రది కాదనుకుంటే నేలది. ఈ షెడ్డు నేల ఏనాడు సమంగా ఉంది గనక. నాన్న హయాంలో పోసిన సిమెంటు. ఆయన దేన్నీ మట్టం పెట్టి చూసిన మనిషి కాదు, నేలనైనా, కొడుకులనైనా. నేలది కూడా కాదంటే ఇక మిగిలింది గాలి. తలుపు తీసి ఉంది కాబట్టి ఆ విసురుకు రంపం కాస్త...

గాలి దాకా వచ్చేసరికి చిన్నాడికి తన మీద తనకే సిగ్గేసింది. మనసును మించిన వకీలు లేడు. ఫీజు అడగడు, వాయిదాలు కోరడు, కక్షిదారు నోరు తెరవకముందే వాదన మొదలుపెడతాడు. కాకపోతే ఒక్కోసారి అతి తెలివికి పోయి గాలిని కూడా సాక్షిగా పిలుస్తాడు. కేసు అక్కడ దెబ్బతింటుంది.

అతను ఇప్పుడే కోసిన దుంగముక్కను కాలితో నొక్కాడు. అది అటు ఒరిగింది. కాలు తీశాడు. ఇటు ఒరిగింది. మనిషి కూర్చోవడానికి పీట కావలసిన ముక్క, కోత అడుగున ఒంపు తిరగడంతో ఊయలై కూర్చుంది. ఎవరింట్లోనైనా చంటిపిల్ల ఉంటే ఇచ్చేయొచ్చు.

“ఊగుతోంది” అన్నాడు పెద్దాడు, బెరడుతో.

“నేల” అన్నాడు చిన్నాడు, పెట్రోలు డబ్బాతో.

“నేల నిన్న రాత్రి పోశారు కాబోలు.”

“కూర్చుని మాట్లాడేవాళ్ళకేం, ఎన్నయినా మాట్లాడతారు.”

అన్నదమ్ముల మధ్య మాటలు లేవని వీధిలో అందరూ అనుకుంటున్నారు. అది నిజం కాదు. మాటలు బోలెడున్నాయి, ఒకరితో ఒకరికి లేవు, అంతే. పెద్దాడు కిటికీ కింద కూర్చుని గొడ్డలి అంచుతో బెరడు ఒలుస్తూ బెరడుతో మాట్లాడతాడు. చిన్నాడు తలుపు దగ్గర నిలబడి పెట్రోలు డబ్బాతో మాట్లాడతాడు. బెరడుకూ డబ్బాకూ మధ్య సంభాషణ చక్కగా సాగుతోంది. చిన్నాడంటే కుర్రవాడేం కాదు, చెవుల పక్కన జుట్టు నెరిసింది. నాన్న పెట్టిన పిలుపు అలా అతుక్కుపోయింది. పెళ్ళి చేసుకోలేదు. షెడ్డుకు ఆనుకున్న చిన్న గదిలో పడుకుంటాడు, వెనకనున్న అన్న ఇంట్లో తింటాడు. తినేవాడు అనాలి. మాటలు బెరడు పాలైనప్పటి నుంచి వదిన గిన్నె ఇక్కడికే తెస్తోంది.

ఇద్దరికీ కలిపి ఒకటే చైన్ రంపం. దాని గొలుసుకు పళ్ళు రెండు వరసలు. ఒక పన్ను అటు తిరిగి ఉంటుంది, దాని వెనకాలది ఇటు. అటువి అటు చెక్కుతాయి, ఇటువి ఇటు. రెండు వరసలూ సమంగా చెక్కితే రంపం తిన్నగా దిగుతుంది. వీటికి సానపట్టేది సన్నటి గుండ్రటి ఆకురాయితో, ఒక్కో పన్నునూ విడిగా, లోపలి నుంచి బయటికి తోస్తూ. కుడిచేతివాటం మనిషికి ఒక వరస చేతికి అనువుగా వస్తుంది, రెండోది అడ్డం తిరుగుతుంది. లోకంలో మిగతావాళ్ళంతా తిట్టుకుంటూనే రెండు వరసలూ తామే రుద్దుకుంటారు. నాన్నకు ఆ బాధ లేకపోయింది. పెద్దకొడుకుది కుడిచేతివాటం, చిన్నకొడుకుది ఎడమచేతివాటం. రంపాన్ని బెంచీ మీది వైస్‌లో బిగించి, కిటికీ వైపు పెద్దవాణ్ణి, తలుపు వైపు చిన్నవాణ్ణి నిలబెట్టి, “ఇవి అన్న పళ్ళు, ఇవి తమ్ముడి పళ్ళు” అని పంచేశాడు. ఆయన చేసిన ఆస్తి పంపకాల్లో తగాదా రానిది ఇదొక్కటే. మొన్నటిదాకా.

ఆ పంపకం వల్ల ఇద్దరూ ఆ పనిలో సగం సగం మొనగాళ్ళయ్యారు. రెండో సగం ఎవడికీ రాదు. సానపట్టడం ఎక్కడ మొదలుపెట్టారో గుర్తుండటానికి ఒక పంటి మీద ఎర్రటి చుక్క ఉంటుంది. అది వదిన గోళ్ళరంగు. ఆ సీసా కిటికీ గూట్లోనే ఉంటుంది. పాపం ఆవిడ గోళ్ళకు పెట్టుకున్నది తక్కువ, గొలుసుకు పెట్టింది ఎక్కువ.

గొడవ కూడా ఆ పళ్ళ దగ్గరే వచ్చింది. ఒకరోజు వడ్రంగి మేస్త్రి కూర్చుని ఉండగా పెద్దాడు నవ్వుతూ, “మావాడికి ఆకురాయి ఇస్తే పన్ను మిగలదు మేస్త్రీ. పదునెక్కాక కూడా వాడికి ముద్దు తీరదు” అన్నాడు. మేస్త్రి కూడా నవ్వాడు. అన్న ఒక్కడే అని ఉంటే చిన్నాడు కూడా నవ్వేవాడు. బయటివాడు నవ్విన నవ్వు చెవిలో దూరి, ఇంట్లో అద్దెకు దిగినట్టు దిగిపోయింది. “నీ వైపు నువ్వు చూసుకో, నా వైపు నేను చూసుకుంటా” అన్నాడు. పెద్దాడు బెరడు వైపు తిరిగి, “సరే, అలాగే” అన్నాడు. బెరడుతో ఆయన స్నేహం ఆ క్షణం నుంచే.

అప్పటి నుంచి చిన్నాడు రోజూ తన వరసకు సానపడుతున్నాడు. అవసరమున్నా లేకపోయినా. పెద్దాడు తన వరసను ముట్టుకోవడం మానేశాడు. రంపం రోజురోజుకీ తలుపు వైపుకు, అంటే తమ్ముడి పళ్ళ వైపుకు, ఒంపు తిరుగుతోంది. సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా చిన్నాడు కర్రనూ నేలనూ తిట్టుకోవడమేమిటి, నేరుగా అన్ననే తిట్టుకోవచ్చు కదా? ఇక్కడే వకీలు పనితనం చూడాలి. తప్పు పెద్దాడిది అన్నాడంటే, అన్న చెయ్యి పడకపోతే రంపం తెగదని ఒప్పుకున్నట్టే. అంతకంటే గాలి నయం.

మేస్త్రి మధ్యాహ్నం కాకముందే వచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో గాలివానకు పడిపోయిన చెట్టు దుంగను ఇక్కడ దించింది ఆయనే. ఆ చెట్టు కిందే రోగులు వరస కట్టేవారట, దాని పీటలే లోపల వరండాలో వెయ్యాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. అంటే ఈ దుంగ పాడైతే ఇంకో దుంగ పనికిరాదు. మేస్త్రి ముక్కను నేల మీద పెట్టి కూర్చోబోయాడు, ముందుకు తూలి, బెంచీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

“బావుందయ్యా. కాలు విరిగి వచ్చినవాడు దీని మీద కూర్చుని రెండోది విరగ్గొట్టుకుంటాడు. ఆసుపత్రికి ఇక బేరాలే బేరాలు.”

“నేల సమంగా లేదు మేస్త్రీ” అన్నాడు చిన్నాడు.

“ఆసుపత్రి నేలను కూడా నీ పీటకు తగ్గట్టు ఒంచమంటావా?”

“కర్రలో కూడా కాస్త మెలిక...”

“మెలిక ఉందిలే. ఎక్కడుందో నేను చెప్పను, నాకెందుకు.” మేస్త్రి కిటికీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. “ఇదిగో, సాయంత్రం బండి తెస్తాను. తిన్నగా తెగితే పీటలు ఎక్కించుకుంటాను. లేదంటే మిగిలిన దుంగ ఎక్కించుకుని మిల్లుకు తోలుకుపోతాను. ఇప్పటికే రెండు ముక్కలు తగలేశారు. మూడోది తగలేస్తే ఆ డాక్టరమ్మ ముందు నేను నిలబడలేను.”

అప్పుడు పెద్దాడు గొడ్డలి కింద పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఒక మనిషి ముఖం చూసి మాట్లాడాడు. ఆ మనిషి మేస్త్రి కావడమే చిన్నాడికి గుచ్చుకుంది.

“ఆ దుంగ వెళ్తే దాంతోపాటు నేనూ వెళ్తా మేస్త్రీ. మిల్లువాడు ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు. రంపం ఇక్కడే ఉంటుంది. ఎవరి వైపు వాళ్ళు చూసుకునేవాళ్ళకు సగం రంపం సరిపోతుందిగా.”

మేస్త్రి వెళ్ళిపోయాడు, పెద్దాడు చెప్పులు వేసుకుని భోజనానికి ఇంట్లోకి పోయాడు. షెడ్డులో పెట్రోలు డబ్బా ఒక్కటే మిగిలింది.

వెళ్తే వెళ్ళనీ, అనుకున్నాడు చిన్నాడు. ఇంకా హాయి. కిటికీ దగ్గర కూడా సామాను పెట్టుకోవచ్చు. ఆ సామాను ఏమిటో ఊహించబోయాడు, ఒక్కటీ తోచలేదు. కిటికీ కింద ఖాళీ పీట, దాని చుట్టూ ఎండిన బెరడు, ఆ బెరడుతో మాట్లాడుతున్న తను. ఈ బొమ్మ మాత్రం అడక్కుండానే వచ్చి నిలబడింది. దాన్ని తరిమెయ్యడానికన్నట్టు లేచి రంపాన్ని వైస్‌లో బిగించాడు.

ఎప్పుడూ నిలబడని చోట, కిటికీ వైపు, నిలబడ్డాడు. అన్న పళ్ళను ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. పదునున్న అంచు కంటికి కనిపించదు. పదును పోయిన అంచు మీద మాత్రం సన్నటి తెల్లని గీతలా వెలుతురు నిలుస్తుంది. అన్న వరస పొడుగునా ఆ గీతలు తళతళలాడుతున్నాయి, పంతానికి మెరుగు పెట్టినట్టు. చూశావా, అన్నాడు వకీలు. చూశాను, అన్నాడు చిన్నాడు. అక్కడి నుంచి అతని మంచితనానికి హద్దు లేకపోయింది. అవతలివాడు మానేసిన పనిని తానే చెయ్యబోతున్నాడు, అదీ నోరు మెదపకుండా. పెద్దాడు భోజనం చేసి వచ్చేసరికి పీట తిన్నగా నిలబడి ఉంటుంది. పెద్దాడు దాన్ని కాలితో నొక్కుతాడు, అది కదలదు, పెద్దాడు తల దించుకుంటాడు. క్షమించెయ్యాలా, రెండు రోజులు ఏడిపించాలా అన్నది ఒక్కటే ఇంకా తేల్చుకోవాలి.

ఎడమచేత్తో రుద్దబోతే ఆకురాయి అడ్డం తిరిగింది. కుడిచేతికి మార్చాడు. ఆ చెయ్యి అన్నం తినడానికి తప్ప ఇన్నాళ్ళూ దేనికీ పనికొచ్చింది కాదు. ఆకురాయి జారి వేలి కణుపు గీరుకుపోయింది. రక్తం చూడగానే త్యాగం పూర్తయినట్టనిపించి ఇంకా హుషారొచ్చింది. ఒక్కో పంటి మీదా తెల్లగీత మాయమయ్యేదాకా తోశాడు. ఒకసారి అన్న గుర్తొచ్చాడు. గీత పోగానే ఠక్కున ఆపేసి, పంటిని ఒకసారి ఊది, పక్కదానికి పోయేవాడు. ఆ ఊదడం చూసి ఇతనికి ఎప్పుడూ ఒళ్ళు మండేది. ఇవాళ ఎందుకో తనూ ఊదాడు. ఎవరూ చూడలేదు.

రంపం వైస్‌లోంచి తీసి, స్టార్ట్ చేసి దుంగ మీద పెట్టాడు. పొట్టు జోరుగా ఎగిరింది. ఎంత బాగా దిగిందంటే, సగం దాకా దిగిన తర్వాత గానీ తెలియలేదు, కోత ఒంపు తిరుగుతోందని. ఈసారి కిటికీ వైపుకు.

ముక్క ఊడి దొర్లింది. రంపాన్ని మళ్ళీ వైస్‌లో బిగించి, ముక్కను తెచ్చి పొద్దుటి ముక్క పక్కన పెట్టాడు. అలిగిన మొగుడూ పెళ్ళాం చెరో గోడవైపు తిరిగి పడుకున్నట్టున్నాయి రెండూ. మూడో ముక్క కూడా పోయింది. కర్ర అదే, నేల అదే, ఈసారి తలుపు కూడా వేసే ఉంది. వకీలు నోరెత్తలేదు.

“ఏమయ్యా మరిదీ, రంపం మీ అన్న పార్టీలోకి ఫిరాయించిందా?” అంది వదిన, గిన్నె బెంచీ మీద పెడుతూ.

“నువ్వూ మొదలుపెట్టావా వదినా.”

“నేనేం మొదలుపెడతానయ్యా. అక్కడ ఆయన అన్నంతో మాట్లాడుతున్నాడు, ఇక్కడ నువ్వు డబ్బాతో. మనుషులతో మాట్లాడేది నేనొక్కదాన్నే, నాకు జవాబిచ్చేవాళ్ళు లేరు.”

అతను గిన్నె మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. “ఏమంటున్నాడు అన్నంతో?”

“మిల్లు దూరమట. మధ్యాహ్నం ఇంటికి రావడం కుదరదట. పొద్దున్నే గిన్నె కట్టిమ్మంటున్నాడు.”

“నిజంగానే వెళ్తాడంటావా?”

“నన్నడుగుతావేం? అడగాల్సినవాణ్ణి అడుగు.” ఆవిడ వైస్ దగ్గరికి వచ్చి గొలుసు మీదికి వంగింది. “ఇదేంటయ్యా, పాత దువ్వెనలా ఉంది? ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.”

“ఏది?”

“కళ్ళున్నాయిగా. నాకు రంపం సంగతి తెలీదు, దాంట్లో నాది రంగు ఒక్కటే” అంటూ వెళ్ళిపోయింది.

అతను అగ్గిపుల్ల తీసి, అన్న వరసలోని ఒక పంటికి ఆనించి, సరిగ్గా దాని పొడవుకు విరిచాడు. ఆ ముక్కను తన వరసలోని పంటి మీద పెట్టాడు. పుల్ల పొడుగై బయటికి వచ్చింది. పక్క పంటికీ అంతే. గొలుసును చేత్తో లాగుతూ పోయాడు, ప్రతి చోటా పుల్ల నాలుక బయటపెట్టి వెక్కిరిస్తూనే ఉంది. విషయం పసిపిల్లవాడికి కూడా అర్థమయ్యేంత తేలిక. అన్న పళ్ళు పదును లేకపోయినా పొడుగ్గా ఉన్నాయి, ఎందుకంటే వాటినెవరూ అరగదీయలేదు. తన పళ్ళు పదునుగా ఉన్నాయి గానీ పొట్టివైపోయాయి, ఎందుకంటే వాటిని అరగదీయడం ఎవరూ ఆపలేదు. పొద్దుటిదాకా పదునున్న వైపుకు లాగిన రంపం, ఇప్పుడు రెండు వరసలకూ పదును రాగానే పొడుగున్న వైపుకు లాగింది. దానికి అన్నా తమ్ముడూ పట్టింపు లేదు. దానికి పట్టింపు లేకపోవడమే అన్నిటికంటే అవమానంగా ఉంది.

ఎర్రచుక్కకు కాస్త అవతల ఉన్న పన్ను మరీ ఘోరం. మిగతావాటిలో సగం కూడా లేదు. దాన్ని గుర్తుపట్టాడు. మేస్త్రి నవ్విన రోజు, అందరూ వెళ్ళిపోయాక, ఆకురాయి తీసి ముందుగా పట్టుకున్న పన్ను అది. దాని మీద గీత ఎప్పుడు మాయమైందో చూడలేదు. మేస్త్రి నవ్వు ఎప్పుడు మాయమవుతుందా అని చూస్తూ రుద్దాడు. అది మాయం కాలేదు, పన్ను అయింది. ఆకురాయి ఇస్తే పన్ను మిగలదు అన్నాడు అన్న. ఆ మాట తప్పని నిరూపించాలనే ఉబలాటంలో, దాన్ని అక్షరాలా నిజం చేసి పెట్టాడు తమ్ముడు. ఇంత విధేయుడైన తమ్ముడు ఎవరికి దొరుకుతాడు!

ఇప్పుడు రంపం తిన్నగా తెగాలంటే దారి ఒకటే. మిగతా పళ్ళన్నీ, రెండు వరసల్లోనివీ, ఆ పొట్టి పంటి ఎత్తుకు దిగిరావాలి. నిక్షేపంలాంటి అన్న పళ్ళు కూడా. గొలుసు ఆయుష్షు సగానికి పైగా ఇనపరజను పాలవుతుంది. పైగా అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇందాక తాను కుడిచేత్తో రుద్దిన అన్న పళ్ళను మళ్ళీ చూశాడు. పదునైతే వచ్చింది గానీ ఒక్కోటీ ఒక్కో వైపుకు తూలుతోంది, పెళ్ళివిందు నుంచి గుంపుగా వస్తున్న తాగుబోతుల్లా.

చెప్పుల చప్పుడైంది. పెద్దాడు వచ్చి కిటికీ దగ్గర ఆగాడు. నేల మీదున్న మూడు ముక్కలనూ చూశాడు, వైస్‌లో ఉన్న గొలుసును చూశాడు, వంగి ఒక పంటిని బొటనవేలితో తడిమాడు.

“నా పళ్ళ మీద ఎవరో చెయ్యి చేసుకున్నారు” అన్నాడు కిటికీతో. ఆ పూట బెరడుకు సెలవు కాబోలు.

“పదును పోయి ఉంటే చేసుకున్నారు” అన్నాడు చిన్నాడు, డబ్బాతో.

“ఒంకరగా రుద్దారు.”

“చేతకాని చేత్తో రుద్దితే అంతే.”

పెద్దాడు పంటి మీది వేలు తీశాడు. చేతకానిది అన్న మాట ఆ గోడల మధ్య ఎవరైనా తమ గురించి తాము అనడం ఆయన అంతకుముందెప్పుడూ వినలేదు.

“అడిగితే రుద్దేవాణ్ణి” అన్నాడు చివరికి. కిటికీతోనే అన్నాడు, కానీ గొంతు కాస్త ఇటు తిరిగినట్టుంది.

అంటే ఇన్నాళ్ళూ అడుగుతాడని చూస్తూ కూర్చున్నాడన్నమాట. ఎంత ఘనకార్యం, అన్నాడు వకీలు మళ్ళీ ఊపిరి తెచ్చుకుని. సగం తప్పు ఆయనదని ఆయన నోటితోనే తేలిపోయింది, ఇక నువ్వు ఒక్క మెట్టు కూడా దిగనక్కర్లేదు. ఈ ఒంకరవి ఎలాగూ ఆయనే సరిచేసుకుంటాడు, ఊరుకో, పుల్ల జేబులో పెట్టుకో. పొట్టి పన్ను సంగతి నీకు తప్ప ఎవరికీ తెలీదు.

వాదన బాగానే ఉంది. ఈ వాదన నెగ్గితే అన్న తన వరసను తన లెక్కనే సరిచేస్తాడు, పొడుగు పొడుగుగానే ఉంటుంది, రంపం మళ్ళీ కిటికీ వైపుకే పోతుంది. సాయంత్రం బండి వస్తుంది, దుంగ వెళ్తుంది, దాని వెనకాల ఆయన వెళ్తాడు. కేసు గెలిచిన కక్షిదారు షెడ్డులో ఒక్కడే కూర్చుని తీర్పు చదువుకోవచ్చు.

“అన్నా” అందామనుకున్నాడు. గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలబడింది. ఇన్నాళ్ళూ డబ్బాతో మాట్లాడిన నోరు మరి.

బెంచీ చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పెద్దాడు అంగుళం కూడా జరగలేదు, భుజం రాసుకుంటూ వెనకనుంచి చెయ్యి చాపి గూట్లోంచి గోళ్ళరంగు సీసా తీసుకోవాల్సి వచ్చింది. తిరిగి తలుపు వైపుకు వచ్చాడు. మూత ఎండిపోయి బిగుసుకుపోయింది, పళ్ళతో కొరికి తిప్పాడు. పాత ఎర్రచుక్కను గోటితో గీకేశాడు. అక్కడి నుంచి కాస్త అవతలికి వచ్చి, తన వరసలో అన్నిటికంటే పొట్టిగా ఉన్న పంటి మీద ఎర్రగా, ఎవరికైనా కనిపించేంత పెద్ద చుక్క పెట్టాడు. అది ఆరేదాకా ఊదాడు.

తర్వాత గొలుసును చేత్తో లాగి, ఆ పన్నును అన్న కళ్ళముందుకు జరిపాడు.